సుగంధ పథం – 9: బేతనియలో పగిలిన అత్తరుబుడ్డి

గత భాగంలో ఏలియస్ గాలస్ దండును అరేబియా ఇసుకలో వదిలి వచ్చాం. సాంబ్రాణి, బోళం పుట్టే దేశాన్నే గెలిచేస్తే దళారుల పీడ వదులుతుందని అగస్టస్ చక్రవర్తి పంపిన దండు అది. దారి చూపడానికి వెంట వచ్చిన నబతీయ మంత్రి సిల్లేయస్ కావాలనే నీళ్లు దొరకని దారుల్లో తిప్పాడని గాలస్ మిత్రుడు స్ట్రాబో నింద వేశాడు. అతని లెక్కలో యుద్ధంలో చచ్చినవాళ్లు ఏడుగురే. మిగతావాళ్లను రోగాలు, ఆకలి, దాహం తినేశాయి. అయితే అదే స్ట్రాబో అదే గాలస్‌తో కలిసి ఈజిప్టులో తిరిగిన రోజుల్లో మరో కబురు కూడా విన్నాడు. ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న మ్యోస్ హోర్మోస్ రేవు నుంచి 120 ఓడల దాకా హిందూ దేశానికి వెళుతున్నాయట. సుగంధాలు మోసే నబతీయుల ఒంటెలకు సముద్రం మీద పోటీ మొదలైందన్నమాట. ఈసారి ఆ సముద్రపు దారిన వెళ్లిన ఒక సరుకు వెంట నడుద్దాం. అది చివరికి తేలింది ఏ రాజభవనంలోనో కాదు, ఒక పల్లెటూరి విందులో.

బేతనియ పెద్ద ఊరేమీ కాదు. ఒలీవ కొండకు తూర్పు వాలున, యెరూషలేముకు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉండేది. క్రీ.శ. 30 ప్రాంతపు మాట. పస్కా పండగ దగ్గర పడింది. ఆ రోజుల్లో యెరూషలేములో కాలు పెట్టే చోటు దొరకదు. దూరదేశాల నుంచి వచ్చిన యాత్రికులు చుట్టుపక్కల పల్లెల్లో తలదాచుకునేవారు. గలిలయ నుంచి వచ్చిన యేసు, ఆయన శిష్యులు పగలు నగరంలో గడిపి రాత్రికి బేతనియ చేరేవారు. అలాంటి ఒక రాత్రి విందు జరుగుతోంది.

విందు అనగానే బల్లలు, కుర్చీలు ఊహించుకోవద్దు. గ్రీకు, రోమన్ మర్యాద అప్పటికే యూదుల ఇళ్లలోకి వచ్చేసింది. పరుపుల మీద ఎడమ మోచేతిపై ఒరిగి, కాళ్లు వెనక్కి చాపుకుని, కుడిచేత్తో తినేవారు. పాదాలు గోడ వైపు ఉంటాయి. వడ్డించేవాళ్లు, వచ్చిపోయేవాళ్లు ఆ వెనక నుంచే తిరుగుతారు. ఆ వెనక నుంచే ఒక స్త్రీ వచ్చింది. చేతిలో చలువరాతి బుడ్డి ఉంది. అందులోని అత్తరును ఆయన మీద పోసింది.

ఇక్కడి నుంచి కథ చెప్పేవాళ్ల దారులు వేరవుతాయి. మార్కు ప్రకారం అది కుష్ఠరోగి సీమోను ఇల్లు. వచ్చిన స్త్రీకి పేరు లేదు, బుడ్డి పగలగొట్టి తల మీద పోసింది. మత్తయి ఇంచుమించు ఇదే చెబుతాడు. యోహాను దగ్గరికి వచ్చేసరికి ఆమె లాజరు చెల్లెలు మరియ. పోసింది పాదాల మీద, తుడిచింది తన జుట్టుతో. లూకా దాదాపు ఇలాంటి సంఘటననే ఎంతో ముందు జరిగినట్టు, సీమోను అనే పరిసయ్యుడి ఇంట్లో జరిగినట్టు చెబుతాడు. అక్కడి స్త్రీ ఆ ఊళ్లో పాపాత్మురాలన్న పేరు పడ్డ మనిషి. నాలుగూ ఒకే సంఘటనా, వేర్వేరా అన్న వాదన చాలా పాతది. అది ఇక్కడ తేలేది కాదు, మనం తేల్చనక్కర్లేదు. ఒక్క ముచ్చట చెప్పి ముందుకు పోదాం. క్రీ.శ. 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో బేతనియ మరియను, లూకా చెప్పిన పాపాత్మురాలిని, మగ్దలేనే మరియను కలిపి ఒక్క మనిషిని చేసేశాడు. యూరప్ చిత్రకారులు ఆ మాట పట్టుకుని వెయ్యేళ్లకు పైగా మగ్దలేనే మరియ చేతిలో అత్తరుబుడ్డి పెడుతూ వచ్చారు. సువార్తల్లో ఆమెకూ ఈ బుడ్డికీ సంబంధమే లేదు.

ఇల్లంతా వాసన కమ్ముకుంది. ఆ వాసన ముక్కుకు తగలగానే పక్కనున్నవాళ్లు చేసిన మొదటి పని ధర కట్టడం! ఇంత దుబారా ఎందుకు, 300 దేనారాలకు పైనే పలికేది, బీదలకు పంచిపెట్టొచ్చు కదా అని సణిగారు. సణిగింది 'కొందరు' అంటాడు మార్కు. శిష్యులే అంటాడు మత్తయి. యోహాను మాత్రం ఏకంగా పేరు పెట్టేశాడు. డబ్బు సంచి మోసే యూదా ఇస్కరియోతు అన్నాడట, బీదల మీద ప్రేమతో కాదట.

300 దేనారాలంటే ఎంత? మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కథలో పొద్దున్నే పనిలోకి దిగిన కూలీకి ఒప్పుకున్న రోజు కూలి ఒక దేనారం. సబ్బాతులు, పండగలు తీసేస్తే 300 దేనారాలు ఒక కూలీ ఏడాది కష్టం. మార్కే మరోచోట ఇంకో లెక్క ఇస్తాడు. ఐదు వేల మంది మగవాళ్లు ఆకలితో కూర్చున్నప్పుడు, వీళ్లకు 200 దేనారాల రొట్టెలు కొనాలా అని శిష్యులు బెంబేలెత్తారు. అంతకు మించిన సొమ్ము ఇప్పుడు ఒక బుడ్డిలోంచి కారిపోతోంది. చేపలు పట్టి బతికిన మనుషులకు కడుపు మండదా? వాళ్లను మరీ కసాయివాళ్లుగా చూపించే ప్రసంగాలు చాలానే ఉన్నాయి గానీ, ఆ గదిలో కూర్చున్న మామూలు మనిషి ఎవరైనా ఆ లెక్కే వేసేవాడని నాకు అనిపిస్తుంది.

ఆ లెక్క అతిశయమూ కాదు. యోహాను ఆ అత్తరు ఒక 'లిత్ర' అని తూకం చెప్పాడు. అది రోమన్ల పౌను, మన లెక్కలో సుమారు 327 గ్రాములు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్న రోమన్ పెద్దమనిషి ప్లినీ తన బృహత్ గ్రంథంలో బజారు ధరలు రాసిపెట్టాడు. కొన్ని అత్తర్లు పౌను 400 దేనారాలు దాటుతాయని అతని ఫిర్యాదు. ముత్యాలైతే వారసులకు దక్కుతాయి, బట్టలైతే కొన్నాళ్లు మన్నుతాయి, అత్తరు పూసిన గంటకే చస్తుంది, పైగా ఆ వాసన పూసుకున్నవాడికంటే పక్కవాడికే ఎక్కువ తెలుస్తుంది అని అతని బాధ. 300 దేనారాలు అన్నవాడికి బజారు బాగానే తెలుసు.

ఇంతకీ బుడ్డిలో ఏముంది? మార్కు, యోహాను ఇద్దరూ చెప్పిన పేరు నార్దోస్. అంటే మన జటామాంసి. హిమాలయాల్లో దేవదారు అడవులు కూడా ఆగిపోయే ఎత్తున, 3,000 నుంచి 5,000 మీటర్ల మధ్య, రాళ్ల సందుల్లో పెరిగే చిన్న మొక్క. పూలు గులాబీ రంగులో ముద్దుగా ఉంటాయి గానీ బేరమంతా వేరుదుంపకే. వేలెడంత పొడవున, ఎర్రటి గోధుమ రంగు పీచు చుట్టుకుని కొబ్బరి పీచు ముక్కలా కనిపిస్తుంది. ఆ పీచు జడలు కట్టినట్టు ఉండబట్టే ఆ పేరు. వాసన మల్లెలా, గులాబీలా తియ్యగా ఉండదు. తడిమట్టి, పాత చెక్క కలిసినట్టు బరువుగా, కొంచెం ఘాటుగా ఉంటుంది. నచ్చనివాళ్లకు అసలు నచ్చదు. మన మూలికల కొట్లలో ఇప్పటికీ దొరుకుతుంది, తలనూనెల్లో వేస్తారు. సంస్కృతంలో దీనికి 'నలద' అన్న పాత పేరు ఉంది, అథర్వవేదంలోనే కనిపిస్తుంది. ఆ పేరే పశ్చిమానికి నడుస్తూ హీబ్రూలో నేర్ద్ అయి, గ్రీకులో నార్దోస్ అయిందని భాషావేత్తలు చెబుతారు. పరమగీతంలోని ప్రేయసీప్రియుల తోటలో ఈ నేర్ద్ ఉంది. తెలుగు బైబిల్ అనువాదకులు ఈ ఒక్క మాట దగ్గర మాత్రం తడుముకోలేదు. పేరు ఇంట్లోనే ఉంది.

హిమాలయపు వేరు బేతనియ చేరాలంటే ఎన్ని చేతులు మారాలో చూడండి. ఈజిప్టులో స్థిరపడ్డ ఒక గ్రీకు వర్తకుడు క్రీ.శ. ఒకటో శతాబ్దం మధ్యలో రాసిన 'పెరిప్లస్' అనే రేవుల పుస్తకం మనకు మిగిలింది. రచయిత పేరు మిగల్లేదు. జటామాంసి దొరికే రేవులను అతను వరసగా చెప్పుకొస్తాడు. సింధు నది ముఖాన బార్బరికాన్. గుజరాత్ తీరాన బరిగజ, అంటే ఇప్పటి భరూచ్. అక్కడికి సరుకు కాబూల్ వైపు నుంచి పుష్కలావతి మీదుగానూ, ఉజ్జయిని మీదుగానూ దిగేది. మూడోది గంగ దారి. గంగ సముద్రంలో కలిసే చోట గంగే అన్న పేరుతోనే ఉన్న రేవులో జటామాంసి, మలబాత్రం ఆకు, ముత్యాలు, అన్నిటికంటే సన్నని నూలు బట్టలు దొరుకుతాయన్నాడు. ఆ గంగా జటామాంసి తూర్పు తీరం వెంబడి ఓడల్లో దిగి, కన్యాకుమారి చుట్టి, కేరళ తీరాన ముజిరిస్, నెల్కిండ చేరేది. గ్రీకు ఓడలు మిరియాల కోసం ఎలాగూ అక్కడికే వచ్చేవి. ఈ తూర్పు తీరం దారిలోనే అతను మసాలియా అనే దేశాన్ని చెప్పి, అక్కడ నూలు బట్టలు బోలెడు నేస్తారని రాశాడు. అది మన కృష్ణా డెల్టా తీరం. బేతనియ బుడ్డిలోని వేరు ఏ దారిన వెళ్లిందో చెప్పలేం గానీ, గంగ దారిన వెళ్లిన ప్రతి మూటా మన ఒడ్డును చూసే వెళ్లింది.

ముజిరిస్‌లో ఎక్కించిన సరుకు చలికాలపు ఈశాన్యపు గాలికి అరేబియా సముద్రం దాటి బెరెనికె లాంటి ఎర్రసముద్రపు రేవుల్లో దిగేది. అక్కడి నుంచి నైలు ఒడ్డున కొప్తోస్ దాకా ఎడారి. బెరెనికె నుంచి 12 రోజుల నడక, అదీ ఎండకు జడిసి ఎక్కువగా రాత్రిళ్లే. ఆ తర్వాత పడవల్లో నైలు మీదుగా అలెగ్జాండ్రియా. అక్కడ రోమన్ సుంకం. ఎంతనుకున్నారు? సరుకు విలువలో నాలుగో వంతు!

ఈ దారి మీద ఒక్క ఓడను మాత్రం మనం దగ్గరగా చూడగలం. వియన్నాలో భద్రపరిచిన ఒక పపైరస్ ముక్క 1985లో అచ్చయింది. క్రీ.శ. రెండో శతాబ్దానిది. ఒక వైపు ముజిరిస్ వ్యాపారానికి సంబంధించిన అప్పు పత్రం, రెండో వైపు హెర్మపొల్లోన్ అనే ఓడలో వచ్చిన సరుకు లెక్క. ఏనుగు దంతాలు, వాటితోపాటు గంగా జటామాంసి 60 పెట్టెలు. అప్పు పత్రం చదువుతుంటే ఆ వర్తకుల ప్రాణం ఎక్కడ కొట్టుకునేదో తెలిసిపోతుంది. ఎడారిలో మూటలను నమ్మకమైన ఒంటెవాడికే అప్పగించాలి, కాపలా ఉండాలి, సుంకం గోదాములో పెట్టేటప్పుడు అప్పిచ్చినవాడి ముద్ర పడాలి. అడుగడుగునా సీళ్లు, సాక్ష్యాలు. మధ్యలో ఎవడో మూట విప్పి సరుకు మార్చేస్తాడన్న భయం ఆ పత్రం నిండా ఉంది.

భయం ఊరికే రాలేదు. అలెగ్జాండ్రియాలో సాంబ్రాణి శుద్ధి చేసే కార్ఖానాల సంగతి ప్లినీ చెబుతాడు. కూలీల గోచీలకు సీలు వేస్తారట. తల మీద ముసుగో, దగ్గరల్లిక వలో తగిలిస్తారట. సాయంత్రం బయటికి పోయే ముందు బట్టలిప్పించి చూసి వదులుతారట. పచ్చి ఒలీవల నూనె, సుగంధపు గడ్డి, చంగల్వకోష్టు, బోళం, బాల్సం వంటివి జటామాంసితో కలిపితే ఆ రోజుల్లో పేరుమోసిన జటామాంసి అత్తరు తయారయ్యేది. ఆ దినుసుల చిట్టాలో ఒక్కటి తప్పినా, ఒకదాని బదులు ఇంకోటి పడినా కొనేవాడికి తెలియదు. ఎండు జటామాంసి పౌను 100 దేనారాలు పలికే బజారులో కల్తీకి కొదవా? హిందూ దేశపు జటామాంసిలా కనిపించే మూలికలు తొమ్మిది రకాలు ఉన్నాయని, కల్తీగాళ్లకు ముడిసరుకు ఇలా దండిగా ఉందని ప్లినీ వాపోయాడు. ఆల్ప్స్ కొండల్లో పెరిగేదీ నార్దే అన్నారు, సిరియాదీ నార్దే అన్నారు. అదే శతాబ్దపు వైద్యుడు డయాస్కరిడీస్ ఇంకో మోసం చెప్పాడు. వేళ్ల మీద నీళ్లతోనో ఖర్జూరపు సారాతోనో అంజనం పొడి చల్లేవారట, పీచు దగ్గరపడి తూకం పెరగడానికి. ఇంకొందరు వేళ్లను ముందే నానబెట్టి సారం తీసేసుకుని, ఎండబెట్టి మళ్లీ అమ్మేవారు. తెల్లగా, పొడిగా, నూగు లేకుండా ఉంటే అలాంటి సరుకని గుర్తుపట్టాలని అతని సలహా.

ఈ బజారు తెలిశాకే రెండు సువార్తల్లో ఉన్న ఒక వింత మాట దగ్గరికి వెళ్లాలి. మార్కు, యోహాను ఇద్దరూ నార్దోస్ పక్కన 'పిస్తికే' అనే విశేషణం పెట్టారు. అంతకు ముందరి గ్రీకు రచనల్లో ఈ అర్థంలో ఇది దొరకదు. దాంతో పదిహేడు వందల ఏళ్లుగా పండితులు దీని చుట్టూ తిరుగుతున్నారు. నాలుగో శతాబ్దం చివర సువార్తల లాటిన్ పాఠాన్ని సరిదిద్దిన జెరోమ్ పేరు మీద ఉన్న వల్గేట్‌లోనే తికమక కనిపిస్తుంది. మార్కులో 'స్పికాతి', అంటే కంకి జటామాంసి. యోహానులో గ్రీకు మాటనే 'పిస్తికి' అని లాటిన్ వేషం వేసి వదిలేశారు. ఇంగ్లీషువాళ్ల స్పైక్‌నార్డ్‌లో ఉన్నది ఆ కంకే. ఆ కాలపు ఆగస్టీన్ ఇది ఏదో ఊరి పేరై ఉంటుందన్నాడు. అంతటితో ఊరుకోక, గ్రీకులో పిస్తిస్ అంటే విశ్వాసం కదా అని దాని మీద ప్రసంగం అల్లాడు. తాగడం అన్న ధాతువు నుంచి వచ్చింది, కాబట్టి పలచటి ద్రవం అని కొందరు. పిస్తా గింజల నూనెలో కలిపింది అని కొందరు. మొక్కకున్న ఏదో హిందూ దేశపు పేరుకు అపభ్రంశం అని మరికొందరు.

నాకు మాత్రం చాలామంది చెప్పే అర్థమే సరిగ్గా తోస్తుంది. పిస్తిస్ అంటే నమ్మకం. పిస్తికే అంటే నమ్మి కొనదగ్గది, అసలు సరుకు. తెలుగు బైబిల్ 'అచ్చ' అన్నది కూడా ఈ దారినే. ఇందులో వేదాంతం వెతకనక్కర్లేదు. తొమ్మిది నకిలీల మధ్య ఒక అసలు ఉన్న బజారులో ఏ అంగడివాడైనా మొదట అనే మాట ఇదే. పుస్తకాలకెక్కే భాష కాదు కాబట్టే పుస్తకాల్లో దొరకదు. మార్కు రాసే గ్రీకు ఎలాగూ వీధి గ్రీకే. అత్తరు అమ్మేవాడి నోట ఆడిన మాటను అతను అలాగే దించేశాడంటే నమ్మబుద్ధవుతుంది.

ఖరీదు గురించి ముగ్గురూ మూడు మాటలు వాడారు. మార్కు మాట పొలుతెలేస్. తెలోస్ అంటే ఖర్చు, సుంకం కూడా. మూటకు నాలుగో వంతు సుంకం కట్టిన సరుకుకు ఇంతకంటే తగిన మాట లేదు. యోహాను మాట పొలుతీమోస్, విలువ ఎక్కువైనది. సర్వస్వం అమ్మి కొన్న ముత్యం కథలో మత్తయి వాడింది ఈ మాటనే. కానీ అత్తరు దగ్గర చాలా ప్రతుల్లో మత్తయి మాట బరుతీమోస్, బరువైన ధర గలది. కొత్త నిబంధన మొత్తంలో అది మళ్లీ ఎక్కడా రాదు. విచిత్రమేమంటే ఇంత బరువైన మాట వాడిన మత్తయి జటామాంసి పేరూ చెప్పడు, 300 అన్న అంకె కూడా చెప్పడు. పరిమళం పేరు, తూకం, ధర మూడూ కావాలంటే యోహాను దగ్గరికే పోవాలి.

బుడ్డి సంగతి మరువకూడదు. అలబాస్త్రోన్ అంటే మొదట ఈజిప్టు చలువరాతితో తొలిచిన సన్నమెడ సీసా. క్రీ.పూ. ఐదో శతాబ్దంలోనే హెరొడోటస్ పర్షియా రాజు కాంబిసెస్ ఇథియోపియా రాజుకు పంపిన కానుకల్లో ఇలాంటి అత్తరు సీసాను లెక్కపెట్టాడు. అత్తరుకు వేడి తగిలితే చెడుతుంది, చలువరాయి దాన్ని చల్లగా ఉంచుతుంది అని థియోఫ్రాస్టస్ నుంచి ప్లినీ దాకా అందరూ నమ్మారు. యేసు కాలానికి సిరియా తీరాన గాజు ఊదడం కనిపెట్టి కొన్ని దశాబ్దాలైంది. చవక గాజు సీసాలు వెల్లువలా వస్తున్నాయి. అలాంటప్పుడు కూడా రాతి బుడ్డిలో ఉన్నదంటే లోపలి సరుకు ఆ స్థాయిదే. సన్నమెడ బుడ్డిలోంచి కొద్దికొద్దిగా వంపుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. పగలగొట్టిందని చెప్పింది మార్కు ఒక్కడే. పగిలిన బుడ్డికి మూత పెట్టలేరు, మిగిలింది దాచలేరు, అమ్మనూ లేరు. సణుగుడు వినిపించేసరికే ఏదీ మిగల్లేదు.

అదే శతాబ్దంలో అదే సరుకు రోములో ఎలా పారిందో ప్లూటార్క్ చెప్పాడు. ఒకరోజు నీరో చక్రవర్తి ఖరీదైన అత్తరు పూసుకుని, తన విలాసమిత్రుడు ఒథో మీద కూడా కాస్త చిలకరించాడు. మర్నాడు ఒథో ఇంట్లో నీరోకు విందు. హఠాత్తుగా గదిలో నలువైపులా బంగారు, వెండి గొట్టాలు బయటపెట్టి అత్తరును నీళ్లలా చిమ్మించాడు. చక్రవర్తి చిలకరించాడు, నేను కుమ్మరించాను అన్నమాట! ప్లూటార్క్ వాడింది కూడా సువార్తల్లో ఉన్న మురోన్ అన్న మాటే. రోము శ్రీమంతుల ఈ పోటీల కోసమే హిందూ దేశం, చీనా, అరేబియా కలిసి ఏటా తక్కువలో తక్కువ 10 కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నాయని ప్లినీ గుండె బాదుకున్నాడు. ప్రకటన గ్రంథంలో బబులోను కూలిపోతుంటే వర్తకులు ఏడ్చే సరుకుల చిట్టా ఒకటుంది. దాల్చినచెక్క, మురోన్, సాంబ్రాణి అందులో వరసగా ఉన్నాయి. ఆ బబులోను రోమేనని అప్పటి చదువరులకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మురోన్ అంటే అత్తరు, ఎలాయోన్ అంటే ఒలీవ నూనె. రెండోది ప్రతి ఇంట్లో ఉండేది. దీపానికీ, వంటకూ, పుండుకూ, తలకూ అదే. లూకా తన కథలో ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టాడు. పరిసయ్యుడి ఇంట యేసు అన్నదాని సారాంశం ఇది: నువ్వు నా తలకు మామూలు నూనె కూడా అంటలేదు, ఈమె నా పాదాలకు అత్తరు పూసింది. పిలిచిన అతిథికి కాళ్లకు నీళ్లు, ముద్దు, తలకు నూనె ఇవ్వడం మామూలు మర్యాద. పెద్ద ఖర్చూ కాదు. ఇల్లుగలాయన అదీ చేయలేదు. లూకాకు ధరతో పని పడలేదు, దేనారాల సంగతే ఎత్తలేదు. ఈ నలుగురిలో ఆ ఇంటి పరువు తీసింది మాత్రం అతనే.

మార్కు, మత్తయి, యోహాను దగ్గర యేసు జవాబు మరో దిక్కు పోతుంది. ఇది నా భూస్థాపన కోసం అన్నాడాయన. ఆ మాట విన్నవాళ్లకు వింతగా తోచిందేమో గానీ, ఆచారం తెలియనిది కాదు. శవానికి సుగంధాలు పూయడం, గుడ్డల మడతల్లో పెట్టడం బంధువుల పని. వారం తిరక్కుండానే, యేసు చనిపోయాక, నీకొదేము అనే ఆయన బోళం, అగరు కలిపిన సుగంధద్రవ్యం సుమారు నూరు లిత్రలు తెచ్చాడంటాడు యోహాను. ఇంచుమించు 33 కిలోలు! పేద గలిలయ ప్రవక్త సమాధికి అది రాజలాంఛనమే. ఆదివారం పొద్దున్నే సుగంధాలు కొనుక్కుని సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలకు పూయడానికి దేహం దొరకలేదు. పూయాల్సిన పని బేతనియలోనే అయిపోయిందని మార్కు కథనం.

బేతనియ విందు ముగియగానే యూదా గురువును పట్టివ్వడానికి ప్రధాన యాజకుల దగ్గరికి పోయాడని మార్కు, మత్తయి చెబుతారు. అతనికి ముట్టింది 30 వెండి నాణేలని మత్తయి ఒక్కడే లెక్క చెప్పాడు. అవి ఆలయపు పన్నుకు చెల్లే టైరు షెకెళ్లేనని సాధారణంగా భావిస్తారు. ఒక్కో షెకెలుకు నాలుగు దేనారాలు కడితే మొత్తం 120. ఆ లెక్కన గురువు ధర అత్తరు ధరలో సగం కూడా రాలేదు.

జటామాంసి పరాయి దేశపు సరుకు. దాని లాభమంతా దారిలోని వర్తకులది, సుంకరులది. యూదయకు మాత్రం సొంత సుగంధం ఒకటి ఉండేది. మృతసముద్రం ఒడ్డున ఎన్గెదీలోనూ, యెరికోలోనూ తోటల్లో పెంచే బాల్సం పొద అది. యెరికో తోటలను ఆంటోనీ క్లియోపాత్రాకు రాసిచ్చేశాడు. సొంత రాజ్యంలోని తోటలకే హేరోదు రాజు ఆమెకు కౌలు కట్టాల్సి వచ్చింది. తర్వాత రోమన్ల మీద యూదులు తిరగబడినప్పుడు తోటలు శత్రువుకు దక్కకూడదని వాళ్లు పొదలను నరకబోయారు. రోమన్ సైనికులు అడ్డుపడ్డారు. పొద కోసం యుద్ధం జరిగిందని ప్లినీ రాశాడు. క్లియోపాత్రా కౌలు కాగితం నుంచి ఆ కత్తుల దాకా సాగిన బాల్సం కథ వచ్చే భాగంలో.